మూడు అణాల గెట్టు

శ్రోతలకు నమస్కారం.

నేను సర్వేయర్‌ని. వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు భూములు కొలిచి రిటైరయ్యాను. సర్వేయర్ బతుకు మొత్తం ఈ కాస్త సమయంలో చెప్పలేను. ఒక్క చెలక సంగతి చెబుతాను. ఆ చెలక గెట్టు, అంటే హద్దు గట్టు, పక్కన గంజాయి మొక్కలు దొరికాయి. అవి ఎవరి భూమిలో ఉన్నాయో తేల్చడానికి నన్ను పిలిచారు.

గంజాయి కేసుకు సర్వేయర్ ఎందుకు? మొక్క దొరికిన వెంటనే కావలసింది సర్వే నంబరు. ఆ నంబరుకు పట్టాదారు ఎవరు, మోకా మీద, అంటే నేల మీద నిజంగా, కాస్తు చేస్తున్నది ఎవరు. పట్టా ఒకరిది, మోకా ఇంకొకరిది. మన దగ్గర ఇది ఊరూరా ఉన్నదే.

చట్టం గురించి రెండు ముక్కలు. 1985 మాదకద్రవ్యాల చట్టం, మనం ఎన్డీపీఎస్ అంటాం. అందులో 20వ సెక్షన్ ప్రకారం గంజాయి మొక్క పెంచితే పదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఎన్ని మొక్కలు అన్న లెక్క అక్కడ లేదు. పొలంలో వంద పెంచినా, ఇంటి వెనక కుండీలో ఒకటి పెంచినా అదే సెక్షన్. ఈ మాట ఎందుకంటున్నానంటే, మన పిల్లలు కెనడాలో, జర్మనీలో ఉంటున్నారు. కెనడాలో 2018 అక్టోబర్ నుంచి చాలా రాష్ట్రాల్లో ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు. జర్మనీలో 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్లు ఒక్కొక్కరు మూడు. అక్కడ చూసి వచ్చిన పిల్లలు "అదేం పెద్ద విషయం" అంటుంటారు. అది అక్కడి చట్టం, బాబూ. హనుమకొండ డాబా మీద అది నడవదు.

ఇంకో రెండు సెక్షన్లు ఉన్నాయి, 46, 47. వీటి గురించి చాలామందికి తెలియదు. తన భూమిలో ఎవరైనా గంజాయి వేశారని తెలిస్తే, భూమి గల మనిషి వెంటనే పోలీసులకో ఎక్సైజ్ వాళ్లకో చెప్పాలి. తెలిసీ ఊరుకుంటే అతనికీ శిక్షే. సర్పంచ్‌కూ అదే బాధ్యత, ప్రభుత్వ ఉద్యోగికీ అదే బాధ్యత. అంటే కొలత గొలుసు పట్టుకుని పొలాల్లో తిరిగే నాకు కూడా. కొలవడానికి పోయినచోట అలాంటి మొక్క కనిపిస్తే, నా పని కాదులే అని తల తిప్పుకుని రావడానికి వీల్లేదు.

ఇక ఆ చెలక సంగతి.

నర్సంపేట అవతల ఒక ఊరు. పేరు వద్దు. అక్కడ ఒక పెద్దమ్మకు రెండెకరాల ఇరవై గుంటలు ఉంది. భర్త పోయాడు, కొడుకులు హైదరాబాద్‌లో. పసుపు వేసింది, పసుపులో మక్క వేసింది. పక్క నంబరు పట్టాదారు పట్నంలో ఉంటాడు, భూమిని కౌలుకిచ్చాడు. కౌలుదారు కంది వేశాడు. కంది మనిషెత్తు పెరిగింది. ఆ కందికీ గెట్టుకూ మధ్య ఒక సాలు గంజాయి.

నేను పోయేసరికి పోలీసులున్నారు, ఎక్సైజ్ వాళ్లున్నారు, తహసీల్ ఆఫీసు మనిషి, సాక్షులుగా ఇద్దరు పంచులు ఉన్నారు. పెద్దమ్మ బోరు షెడ్డు దగ్గర కూలబడి ఉంది. నన్ను చూసి లేచింది.

"సారూ, గా చెట్టు పేరు గూడ నాకు ఎర్కలేదు. పహాణీల నా పేరున్నదని నన్ను తీస్కపోతరా?"

"అమ్మా, ముందు కొలవనియ్యి" అన్నాను. అప్పటికి అంతకంటే ఏం చెప్పను?

ముందు ఒక అనుమానం తీరాల్సి వచ్చింది. గెట్టు మీద ఆమె గోగు వేసుకుంది. కొత్తగా వచ్చిన కానిస్టేబుల్ ఒకాయన దాన్ని కూడా గంజాయి అనుకుని పీకబోయాడు. ఆయన తప్పేం లేదు, గోగు ఆకు కూడా చేతివేళ్లలా చీలి ఉంటుంది. ఎక్సైజ్ అధికారి ఆపి చూపించాడు. గోగు ఆకు చీలికలు మొదట్లో కలిసే ఉంటాయి. గంజాయికి ఒక్కో రెమ్మ విడివిడిగా కాడ చివర ఒకేచోట నుంచి మొదలవుతుంది, అంచు రంపంలా ఉంటుంది. గోగు కాండానికి సన్న ముళ్లుంటాయి, పువ్వు లేత పసుపు, నడుమ ముదురు ఎరుపు. నలిపితే గంజాయి ఘాటు వాసన వేస్తుంది. గోగు నోట్లో పెట్టుకుంటే పుల్లగా ఉంటుంది. ఊళ్లో ఎవరి ఇంటి వెనకో చూసి అనుమానపడే ముందు ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

తర్వాత నా పని మొదలైంది. నా దగ్గర ఊరి నక్షా ఉంది, ఆ నంబరు టిప్పన్ ఉంది. టిప్పన్ అంటే నిజాం కాలంలో పొలం కొలిచినప్పుడు గీసుకున్న చిత్తు పటం. మన దగ్గర ఆ కొలతలు ముప్ఫై మూడు అడుగుల గొలుసుతో ఉంటాయి. గొలుసుకు పదహారు అణాలు. అణా అంటే రెండడుగుల మీద ముప్పాతిక అంగుళం. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చోటు ఒక గుంట. నలభై గుంటలు ఎకరం. ఈ లెక్కంటే నాకు ఈనాటికీ ఇష్టమే.

ఇప్పుడు రోవర్లు వచ్చాయి. ఉపగ్రహాల సాయంతో నిలబడ్డ చోటు చెప్పేస్తాయి. మంచి పరికరాలు. కానీ నిజాం కాలంలో హద్దు ఎక్కడ వేశారో రోవర్‌కు తెలియదు. అది తెలియాలంటే పాత రాయి దొరకాలి. ఒక్కటి దొరికితే చాలదు. రెండు రాళ్లు దొరికి, వాటి మధ్య దూరం టిప్పన్‌తో సరిపోవాలి. మూడోది కూడా కలిస్తే ఇక ఎవరూ కాదనలేరు.

మూడు నంబర్లు కలిసేచోట ఉండాల్సిన రాయి కనిపించలేదు. అంతా సర్కారు తుమ్మ. ఆ ఊరి పాత నీరటి, అంటే చెరువు నీళ్లు చూసుకునే మనిషి, బాగా ముసలాయన, కట్టె పట్టుకుని వచ్చాడు. "గీ తుమ్మ మొదట్ల తవ్వుండ్రి సారూ, చిన్నప్పుడు మా అయ్య సూపెట్టిండు" అన్నాడు. తవ్వితే అడుగు లోతులో రాయి తల తగిలింది. అక్కడి నుంచి బండ్ల బాట పక్కనున్న రెండో రాయి దాకా గొలుసు పట్టాం. టిప్పన్‌లో ఎంత ఉందో అంతే వచ్చింది. మూడోది మోట బావి మూల మీద దొరికింది. అదీ కలిసింది. నా సర్వీసులో నాకు అన్నిటికంటే సంతోషం ఇచ్చింది ఇలాంటి క్షణాలే. ఎప్పుడో ఎండలో నిలబడి కొలిచిన ఒక మనిషి పని, ఇన్నేళ్ల తర్వాత అణా తేడా లేకుండా నిలబడింది.

రాళ్ల మధ్య సూటిగా బేస్ లైన్ వేశాం, దాని నుంచి పక్కకు దూరాలు, అంటే ఆఫ్‌సెట్లు, తీశాం. గెట్టు ఉండాల్సిన చోట లేదు. మూడు అణాలు, అంటే ఆరడుగుల పైచిలుకు, పెద్దమ్మ భూమిలోకి జరిగి ఉంది. పది గొలుసుల పొడవునా మూడు అణాలు. రెండు గుంటలకు కొంచెం తక్కువ. ఏటా ట్రాక్టరు నాగలి గెట్టును కొద్దికొద్దిగా కొరుక్కుంటూ పోతే ఇలాగే అవుతుంది.

గంజాయి సాలు సరిగ్గా ఆ మూడు అణాల్లో ఉంది.

అంటే రికార్డు ప్రకారం మొక్కలు పెద్దమ్మ పట్టాలోనే ఉన్నాయి. ఈ మాట చెప్పడం నాకు చాలా కష్టమైంది. కానీ ఉన్నది చెప్పాలి. స్కెచ్‌లో రెండు గీతలు గీశాను. ఒకటి టిప్పన్ హద్దు, రెండోది మోకా మీద ఉన్న గెట్టు. రెండింటి మధ్య దూరం ప్రతి గొలుసు దగ్గరా రాశాను. మొక్కలు గెట్టుకు కంది వైపున ఉన్నాయనీ రాశాను. ఎవరు నాటారో తేల్చడం నా పని కాదు. ఏ గీతకు ఏ పక్కన ఉన్నాయో చెప్పడమే నా పని. ఆ భూమిని దున్నుతున్నది ఎవరో పంచులు చెప్పారు, పంచనామాలో ఎక్కింది.

అప్పుడు పెద్దమ్మ ఇంట్లోకి పోయి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో మీ సేవ రసీదు ఉంది, రెండేళ్ల కిందటిది. గెట్టు జరిపారు, కొలవండి అని ఎఫ్ లైన్ దరఖాస్తు పెట్టుకుంది. డబ్బు కట్టింది. కొలవడానికి ఎవరూ రాలేదు. నేను అప్పుడు ఆ మండలంలో లేను, అయినా ఆ రసీదు చూస్తే కడుపు తరుక్కుపోయింది. సర్వేయర్లు తక్కువ, దరఖాస్తులు ఎక్కువ. నిజమే. కానీ ఆమెకు ఆ మాట ఎలా చెబుతాం?

ఆ రసీదు నకలు పంచనామాకు జత చేశారు. ఆ మూడు అణాలు తన చేతిలో లేవని ఆమె ఎప్పుడో కాగితం మీద చెప్పుకున్నదని తేలింది. నిందితుల్లో ఆమె పేరు రాలేదు. కౌలుదారు పేరు వచ్చింది.

అందుకే ఈ రోజు మీకు ఒక్క పని చెబుతాను. గెట్టు జరిగిందని అనుమానం వస్తే, పొరుగువాడితో మాట పట్టింపులకు పోకుండా ముందు దరఖాస్తు పెట్టండి. రసీదు జాగ్రత్త చేయండి. ఎవరూ రాకపోతే మళ్లీ పెట్టండి, ఆ రసీదు కూడా దాచండి. సర్వే నంబరు, సబ్ డివిజన్ తప్పు లేకుండా చూసుకోండి. కొలత రోజున తప్పకుండా అక్కడ ఉండండి. స్కెచ్ నకలు అడిగి తీసుకోండి. భూమి కౌలుకిచ్చిన వాళ్లు కాగితం రాసుకోండి, పంట కాలంలో ఒకసారైనా పోయి నాలుగు గెట్లూ తిరిగి రండి. అనుమానం కలిగించే మొక్క కనిపిస్తే మీరే పీకి పారేయకండి, అలాగే ఉంచి 100కు ఫోన్ చేయండి.

దరఖాస్తులో చుట్టుపక్కల పట్టాదారులందరి పేర్లూ రాయండి, పట్నంలో ఉండేవాళ్లవి కూడా. కొలతకు ముందు వాళ్లందరికీ నోటీసు పోవాలి. ఒక్కరికి అందకపోయినా, నాకు తెలియకుండా కొలిచారని ఆయన అడ్డు చెబుతాడు, కథ మళ్లీ మొదటికొస్తుంది. నమస్కారం.