కీచురాళ్ల రొట్టె

శ్రోతలకు నమస్కారం.

తొలకరి వాన పడ్డ సాయంత్రం పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తాయి. దీపం కింద నీళ్ల పళ్లెం పెట్టి వాటిని పట్టి, రెక్కలు చెరిగి, మూకుట్లో వేయించి, బొరుగుల్లో కలుపుకుని తినే ఊళ్లు మనకూ ఉన్నాయి. అక్కడ ఎవరికీ రోత లేదు, ఎరిగిన తిండి కాబట్టి. మరి ఎరగని చోట పురుగుల పిండిని జనం చేత ఎలా తినిపించాలి?

ఫిన్లాండ్‌లో 2017 నవంబరులో పురుగులను ఆహారంగా అమ్మడానికి అనుమతి వచ్చింది. ఆ నెలలోనే ఫాజెర్ అనే బేకరీ సంస్థ హెల్సింకీలో ఒక రొట్టె అమ్మకానికి పెట్టింది. ఒక్కో రొట్టెలో సుమారు 70 కీచురాళ్లు! వింటేనే ఒళ్లు జలదరిస్తుంది కదూ. కానీ వాటిని ఎండబెట్టి పొడి చేస్తే, రొట్టె బరువులో నూటికి 3 పాళ్లే. కోసి చూస్తే కాలు కనపడదు, మీసం కనపడదు. అయినా పేరు మాత్రం సిర్కాలెయిపా, అంటే అచ్చంగా కీచురాళ్ల రొట్టె. రూపం దాచారు, పేరు దాచలేదు. నాకు నచ్చింది అదే. చెప్పకుండా తినిపిస్తే, తెలిసిన రోజున ఆ కొట్టు గుమ్మం ఎవరూ తొక్కరు.

పాళ్లు పెంచకూడదా అంటే, గోధుమపిండి ముద్దను సాగేలా పట్టి ఉంచే గ్లూటెన్ అనే జిగురు ప్రొటీన్ ఈ పిండిలో లేదు. కిలో గోధుమపిండిలో 50 గ్రాములు తీసి, ఆ మేరకు ఇది కలిపితే ముద్ద బాగానే పొంగుతుంది. 150 గ్రాములు దాటిస్తే ముద్ద సాగదు, గాలి నిలవదు; రొట్టె గట్టిపడి, రంగు నల్లబడి, వాసన పైకొస్తుంది. మొదటి ముక్కే అలా ఉంటే రెండోది ఎవరు అడుగుతారు?

పేరు దాచకూడదనడానికి ఇంకో పెద్ద కారణం రొయ్యలు. రొయ్యలో ఎలర్జీ తెచ్చే ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ కీచురాయిలోనూ ఉంది. కాల్చినా పోదు. అందుకే 2023 జనవరిలో ఐరోపా సమాఖ్య ఇంటి కీచురాళ్ల పొడిని అనుమతిస్తూ, రొయ్యలూ పీతలూ పడనివారికి హెచ్చరిక పదార్థాల జాబితా పక్కనే ఉండాలంది. ఐరోపాలో ఉంటున్న మనవాళ్లు, ఇంట్లో రొయ్య పడనివారుంటే, బిస్కట్ అయినా పాస్తా అయినా పొట్లం వెనక్కి తిప్పి చూడండి. ఇంటి కీచురాయి శాస్త్రీయ నామమైన అకేటా డొమెస్టికస్ (Acheta domesticus) అన్న పేరు కనిపిస్తే వాళ్లకు పెట్టకండి.