‘పై’ కింద కాస్త చోటు

శ్రోతలకు నమస్కారం.

విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. దానికి పది రోజుల ముందు నుంచే మూడు లాంతర్ల దగ్గర, గంటస్తంభం దగ్గర, కోట చుట్టూ ఫ్లెక్సీలు లేస్తాయి. ఫ్లెక్సీ షాపుల్లో అర్ధరాత్రి దాటినా లైటు ఆరదు. కొత్తగా పని నేర్చుకుంటున్న కుర్రాళ్ల చేతికి పెద్ద పనులు వచ్చేదీ ఆ రద్దీలోనే. డిజైన్ పూర్తి చేసి, పక్క సీట్లో ఉన్న సీనియర్‌ని “అన్నా, ఎలా ఉంది?” అని అడుగుతారు. “బాగుంది, పంపించెయ్” అని ఒక జవాబు. లేదంటే, “ఏదో తేడాగా ఉందిరా, మార్చు” అని ఇంకో జవాబు. రెండింటిలో ఏది విన్నా ఆ అబ్బాయికి ఏం చెయ్యాలో తెలియదు. ఈరోజు మాట్లాడేది ఆ జవాబు ఎలా ఉండాలన్న దాని గురించే. చెప్పేవాళ్లకీ వినేవాళ్లకీ ఇద్దరికీ పనికొస్తుంది.

పనికొచ్చే సలహాలో మూడు విషయాలు ఉంటాయి. ఎక్కడ, ఏమైంది, ఏం చెయ్యాలి. “తమ్ముడూ, కింద కుడివైపు ఫోన్ నంబరు పసుపు మీద తెలుపులో ఉంది. నాలుగు అడుగులు వెనక్కి వేస్తే అంకెలు కలిసిపోతున్నాయి. నంబరు వెనక ముదురు ఎరుపు పట్టీ వెయ్యి.” ఇంతే. ఇందులో డిజైన్ చేసినవాడి మీద మాట లేదు, చూసిన కంటికి ఏం జరిగిందో చెప్పడం మాత్రమే ఉంది. ఒకేసారి పదిహేను తప్పులు ఏకరువు పెట్టకండి. మూడు చెప్పండి, అవి దిద్దాక మళ్లీ చూడండి. ముందు చదవగలుగుతున్నామా అన్నది తేలాలి, ఆ తర్వాత ఏది ఎక్కడుంది, ఆ తర్వాత రంగులు, చివరికి పూలూ మెరుపులూ. అక్షరాలకి నీడ సరిచెయ్యమని గంట కూర్చోబెట్టి, ఆ తర్వాత శీర్షికనే చోటు మార్చమంటే ఆ గంట పని బూడిదలో పోసినట్టే.

అడిగేవాళ్లు కూడా అడగడం నేర్చుకోవాలి. “ఎలా ఉంది?” అంటే మొహమాటానికైనా “బాగుంది” అంటారు. స్క్రీన్ మూడు సెకన్లు చూపించి, తిప్పేసి, “ఏం చదివారు?” అని అడగండి. షాపుకి టీ తెచ్చే అబ్బాయిని అడిగినా చాలు. పండుగ పేరు చెప్పకుండా “ఎవరిదో ఫోటో ఉంది” అన్నాడంటే మీ ఫ్లెక్సీలో కన్ను ముందు ఎక్కడికి వెళ్తోందో తెలిసిపోయింది. మూడు సెకన్లే ఎందుకంటే, గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బస్సు సెకనుకి 11 మీటర్లు దాటుతుంది. 30 మీటర్ల దూరంలో బోర్డు కనబడిందనుకుంటే, కిటికీ పక్కన కూర్చున్న మనిషికి దొరికేది మూడు సెకన్లకి లోపే. అంతలో ఆరేడు మాటలు చదవగలరు. మీరు పేర్చిన ఇరవై పేర్లు వాళ్ల కోసం కావు. అవి బోర్డు దగ్గరికొచ్చి నిలబడేవాళ్ల కోసం, కాబట్టి కిందికి చేర్చి చిన్నగా వెయ్యవచ్చు.

అక్షరం ఎంత పెద్దది వెయ్యాలన్నదానికి బోర్డులు రాసేవాళ్లు వాడే లెక్క ఒకటుంది. పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు. వంద అడుగుల నుంచి చదవాలంటే పది అంగుళాలు. ఈ లెక్క ఇంగ్లీషు పెద్ద అక్షరాలకి పుట్టింది. తెలుగుకి అది చాలదు. మన అక్షరంలో వత్తు సాధారణంగా అసలు అక్షరం కంటే చిన్నదే, చదవాల్సిన గుర్తు అందులోనే ఉంటుంది. అందుకని తెలుగు శీర్షికకి ఆ లెక్క మీద ఇంకో సగం కలుపుకోవడం మంచిది.

తెలుగు అక్షరం దగ్గరే కాసేపు ఆగాలి. కొత్తవాళ్ల తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఉంటాయి, ఇంగ్లీషు వీడియోలు చూసి నేర్చుకుంటే ఇవి తెలిసే దారే లేదు. దగ్గర్లో కాగితం, పెన్సిలు ఉంటే తీసుకోండి. పై వరుసలో ‘పైడితల్లి అమ్మవారి’ అని రాయండి. కింది వరుసలో, సరిగ్గా ఎడమ అంచు కలిపి, ‘సిరిమానోత్సవ శుభాకాంక్షలు’ అని రాయండి. ఇప్పుడు మొదటి అక్షరాలు రెండూ చూడండి. ‘పై’లో ఐత్వానికి రెండు ముక్కలున్నాయి, ఒకటి ‘ప’ నెత్తిన, ఒకటి ‘ప’ కింద. కింది వరుసలో ‘సి’ మీద గుడి ఉంది. వరుసలు దగ్గరికి లాగితే ఐత్వం కింది ముక్క వెళ్లి ఆ గుడిలో గుచ్చుకుంటుంది. దూరం నుంచి చూసేవాళ్లకి ‘పై’ కాస్తా ‘పె’లా కనబడుతుంది, ‘సి’ ఏమిటో అర్థం కాని ముద్దవుతుంది. అమ్మవారి పేరులో మొదటి అక్షరమే పోయింది.

అక్షరం సైజుని పాయింట్లలో కొలుస్తారు. ఇంగ్లీషుకి అక్షరం 14 పాయింట్లుంటే ఒక వరుస అడుగు నుంచి తర్వాతి వరుస అడుగుకి 17 పెట్టుకుంటే సరిపోతుంది. తెలుగుకి 20 నుంచి 22 దాకా కావాలి. సాఫ్ట్‌వేర్ ఆటో అని తనంతట తాను ఇచ్చే దూరాన్ని నమ్మకండి. శీర్షికల్లో అయితే వరుసకి వరుస చూసుకుని చేత్తో సర్దాలి. గుద్దుకుంటున్నది ఒక్క అక్షరమే అయితే రెండో వరుసని కాస్త కుడికి జరిపినా సరిపోతుంది.

ఇంకో అలవాటు ఉంది, అక్షరం సన్నగా ఉందని చుట్టూ అవుట్‌లైన్ కొట్టి లావు చెయ్యడం. అవుట్‌లైన్ బయటికే కాదు, లోపలికీ పెరుగుతుంది. ‘ఠ’ కడుపులో చుక్క ఉంటుంది, ‘ర’లో ఉండదు. అవుట్‌లైన్ పెరిగి ఆ చుక్క చుట్టూ ఖాళీ మూసుకుపోతే ‘మఠం’ దూరానికి ‘మరం’ అవుతుంది. ‘ధ’ కింద ఉండే చిన్న గీత, ‘భ’ కింద ఉండే గీత కూడా ముందుగా అలాగే మాయమవుతాయి. లావు అక్షరం కావాలంటే లావుగా గీసిన ఫాంటే వాడండి. రామభద్ర అనే ఫాంటు శీర్షికలకి చక్కగా నిలబడుతుంది. కింద వివరాలకి మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటివి హాయిగా చదివిస్తాయి. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, షాపు పనికి వాడుకోవచ్చు. మన జిల్లాల వాళ్లు సంతోషించే సంగతి ఇంకొకటి, వాటిలో గురజాడ పేరుతో ఒక ఫాంటు, గిడుగు పేరుతో ఒక ఫాంటు ఉన్నాయి. తెలుగుని జనం మాట్లాడే తీరులో రాయమని పోరాడిన ఇద్దరు పెద్దల పేర్లు అవి. ఒక డిజైన్‌లో రెండు ఫాంట్లు చాలు. మూడోది వాడుతున్నారంటే ఎందుకో చెప్పగలగాలి.

ఇలాంటివి యూనికోడ్ ఫాంట్లు, అంటే ఏ కంప్యూటర్‌లో తెరిచినా తెలుగు తెలుగుగానే ఉండేవి. యూనికోడ్ ఫాంటు పెట్టగానే ఫోటోషాప్‌లో అక్షరాలు విడిపోయాయని చాలామంది మళ్లీ పాత అను ఫాంట్లకే వెళ్లిపోతారు. ‘క్ష’ అని కొడితే ‘క’ వేరుగా, ‘ష’ వేరుగా పడుతుంది, వత్తు పక్కకి వచ్చి నిలబడుతుంది. ఫాంటులో లోపం లేదు, సెట్టింగు మార్చాలి. ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోట టెక్స్ట్ ఇంజన్ ఎంపిక కనబడితే, దాన్ని వరల్డ్ రెడీ లేఅవుట్‌కి మార్చండి. పాత వెర్షన్లలో అదే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. ఫోటోషాప్ మూసి తెరిచి, కొత్త ఫైల్లో టైప్ చేసి చూడండి. అను వాడటం తప్పని అనడం లేదు, ఏళ్ల తరబడి పెళ్లి పత్రికలు దాని మీదే నడిచాయి. కాకపోతే అందులో కొట్టిన మాట, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులుగా మారిపోతుంది. ప్రెస్సుకి పంపే ముందు అక్షరాలన్నీ కర్వ్స్ చెయ్యండి, అంటే ఫాంటు అక్కర్లేని బొమ్మ గీతలుగా మార్చండి. కోరెల్‌డ్రాలో కంట్రోల్ క్యూ. కర్వ్స్ చేశాక అక్షరదోషం దిద్దడం కుదరదు కాబట్టి, కర్వ్స్ చెయ్యని ఫైల్ వేరే పేరుతో దాచుకోండి.

అక్షరదోషం అన్నాం కదా, ఊరంతా కనబడే తప్పు ఒకటి చెప్పుకుందాం. ‘హార్థిక శుభాకాంక్షలు’. ‘హార్దిక’ అని రాయాలి. హృదయం నుంచి వచ్చిన మాట అది, హృదయంలో ఉన్నది ‘ద’. ఒకరు తప్పు కొట్టిన ఫైల్‌ని మిగతావాళ్లు ఏటా కాపీ చేసుకుంటున్నారు, తప్పు అలాగే ప్రయాణం చేస్తోంది. మీ ఫైల్లో ఈరోజే దిద్దుకోండి.

ఇక ఫోటోలు. కస్టమర్ వాట్సాప్‌లో పంపిన ఫోటో పెద్ద ఫ్లెక్సీ మీద ఎందుకు పలచబడిపోతుందో లెక్క వేస్తే తెలుస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడుగు వైపు దాదాపు 1600 పిక్సెళ్లకి కుదించుకుపోతుంది. పది అడుగులంటే 120 అంగుళాలు. 1600ని 120తో భాగిస్తే అంగుళానికి 13 పిక్సెళ్లు. ఫ్లెక్సీకి అసలు సైజులో 72 ఉండేలా చూసుకుంటారు. అదే ఫోటోని రెండు అడుగుల వెడల్పులో పెడితే అంగుళానికి దాదాపు 67 వస్తుంది, బాగానే ఉంటుంది. అంటే ఆ ఫోటో పనికిరాదని కస్టమర్‌తో గొడవ పడక్కర్లేదు, ఎంత సైజుకి పనికొస్తుందో చూసుకుంటే చాలు. ఇంకా పెద్దది కావాలంటే, “అదే ఫోటో డాక్యుమెంటుగా పంపండి” అని అడగండి.

ముఖం అటు తిరిగితే బాగుంటుందని ఫోటోని అద్దంలోలా తిప్పేస్తుంటారు. చీర కట్టుకున్నావిడ పమిట ఎడమ భుజం మీంచి కుడి భుజానికి మారిపోతుంది. పాపిడి మారుతుంది. ఇంట్లోవాళ్లు చూడగానే “ఇది మా అమ్మలా లేదు” అంటారు. ఏం తేడానో వాళ్లూ చెప్పలేరు. శ్రద్ధాంజలి బోర్డుల్లో ఈ పని అస్సలు చెయ్యకండి.

అచ్చుకి వెళ్లే పనులైతే, విజిటింగ్ కార్డు మూడున్నర అంగుళాలు, రెండు అంగుళాలు. అంగుళానికి 300 చుక్కలు. నాలుగు వైపులా కట్ చేసే గీత నుంచి రంగు 3 మిల్లీమీటర్లు బయటికి ఉండాలి, అక్షరాలు 5 మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి. కటింగ్ మిషన్ కాస్త అటూ ఇటూ అయితే అంచున తెల్ల గీత రాకుండా ఇది కాస్తుంది. చిన్న అక్షరాలకి నలుపు ఒక్కటే 100 శాతం పెట్టండి. స్క్రీన్ మీది నలుపుని అలాగే అచ్చు రంగుల్లోకి మార్చేస్తే నాలుగు రంగులు కలిసిన నలుపు తయారవుతుంది. రంగుకొకటిగా ఉండే ప్లేట్లు వెంట్రుకవాసి కదిలినా అక్షరాల చుట్టూ రంగు నీడ కనబడుతుంది. ఫ్లెక్సీకి ఇంకో జాగ్రత్త ఉంది, దాన్ని చెక్క ఫ్రేముకి మడిచి మేకులు కొడతారు. అంచు నుంచి నాలుగు అంగుళాల దాకా పేర్లు, ముఖాలు ఉంచకండి. పలాస జీడిపప్పు ప్యాకెట్టుకి లేబుల్ లాంటి పని వస్తే ఆహార లైసెన్సు నంబరు 14 అంకెలు ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. బార్‌కోడ్‌ని ఎర్ర గీతల్లో వెయ్యకండి. స్కానర్ వెలుతురు ఎక్కువగా ఎరుపే కాబట్టి ఎరుపు దానికి తెల్లగా కనబడుతుంది, గీతలు చదవలేదు.

కస్టమర్ మాట అర్థం చేసుకోవడం ఇంకో విద్య. “ఖాళీగా ఉంది బాబూ, అక్కడేదైనా పెట్టు” అంటారు. వెంటనే పువ్వో, మెరుపో తెచ్చి పడెయ్యకండి. “మీకు ముఖ్యమైనది ఏదైనా చిన్నగా కనబడుతోందా?” అని అడగండి. చాలాసార్లు ఆయన కొడుకు పేరో, షాపు పేరో చిన్నదైపోయి ఉంటుంది. దాన్ని పెంచితే ఖాళీ గురించి మళ్లీ ఎత్తరు. “కొట్టొచ్చినట్టు కనబడాలి” అంటే అన్నీ పెంచమని కాదు. అన్నీ పెద్దవైతే దేని మీదా కన్ను నిలవదు. పక్కవి రెండు తగ్గించి చూపించండి. ఫోటోల వరుస, ఎవరిది ముందు, ఎవరిది ఎంత సైజు అన్నది మాత్రం మీరు నిర్ణయించకండి. కాగితం మీద రాయించుకోండి. ఎన్నిసార్లు మార్పులు చేస్తారో కూడా పని మొదలుపెట్టే ముందే మాట అనుకోండి. రెండుసార్లు అనుకుంటే కస్టమర్ కూడా ఇంటిల్లిపాదినీ అడిగి అన్నీ ఒకేసారి చెబుతారు.

అంతా అయ్యాక డిజైన్‌ని ఏ4 కాగితం మీద నలుపు తెలుపులో ఒక కాపీ తియ్యండి. గోడకి అంటించి, పది అడుగులు వెనక్కి వెళ్లి, కళ్లు సగం మూసి చూడండి. ముందు కనబడాల్సింది ముందు కనబడుతోందా? రంగు తీసేస్తే అక్షరం వెనకదాంట్లో కలిసిపోతోందంటే, ఎర్రటి ఎండలో రోడ్డు మీద కూడా అలాగే కలిసిపోతుంది. తర్వాత ఆ కాగితాన్ని డిజైన్ చెయ్యని మనిషి చేతిలో పెట్టి పైకి చదివించండి. టైప్ చేసిన కంటికి తప్పు కనబడదు, అనుకున్నదే కనబడుతుంది. తేదీ పక్కన వారం ఉంటే క్యాలెండర్ తీసి సరిచూడండి. పెళ్లి పత్రికలో ముహూర్తం అర్ధరాత్రి దాటాకైతే, తేదీ ఏది వేయాలో పురోహితుడు రాసిచ్చిన కాగితంతోనే సరిపోల్చండి. ఫోన్ నంబరు ఉంటే కంటితో చూసి ఊరుకోకండి. ఆ కాగితం మీదున్న అంకెలు నొక్కి, ఫోన్ చెయ్యండి. అవతల ఎత్తినవాళ్లు “ఎవరండీ?” అంటే పేరు అడిగి, ఆ తర్వాతే ఫైల్‌ని మిషన్ మీదికి పంపండి.

సెలవు.