వండర్ ఉమన్ ‘నో మ్యాన్స్ ల్యాండ్’ సీన్: మెషీన్ గన్‌ను నిజంగా ఎలా దాటారు?

నమస్తే అండీ. 2017లో వచ్చిన వండర్ ఉమన్ గురించి ఎవరిని కదిపినా ముందు చెప్పేది ఒకటే సీన్. మొదటి ప్రపంచ యుద్ధం, బెల్జియంలో కందకం. ఎదురుగా ‘నో మ్యాన్స్ ల్యాండ్’, అంటే రెండు సైన్యాల కందకాల మధ్య ఎవరి చేతిలోనూ లేని నేల. డయానా, అంటే మన వండర్ ఉమన్, నిచ్చెనెక్కి ఒంటరిగా బయటికొస్తుంది, కంకణాలతో తూటాలు చెదరగొడుతూ నడుస్తుంది. ఇవాళ్టి రివ్యూ అంతా దాని మీదే.

ఈ సీన్‌లో నాకు బాగా నచ్చింది డయానా నడక కాదు, ఆ తర్వాత ఐదారు క్షణాలు. డాలు అడ్డం పెట్టి ఆమె ఒంగి కూర్చుంటుంది, జర్మన్ గన్లన్నీ ఆమె మీదే పడతాయి. ఆమెతో వచ్చిన గూఢచారి స్టీవ్ అది గమనించి, కాల్పులన్నీ ఆమె మీదే ఉన్నాయి, ఇదే సందు అని మిగతావాళ్లను కదిలిస్తాడు. ఇది అచ్చమైన యుద్ధ విద్య. ఒకరు శత్రువు గన్‌ను కట్టిపడేయాలి, ఆ వ్యవధిలో ఇంకొకరు ముందుకెళ్లాలి. 1914 నుంచి 1918 దాకా సైన్యాలు లక్షల ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం అదే. కాకపోతే వాళ్ల దగ్గర డయానా లేదు. మరి ఆ పని దేనితో చేశారు?

ముందు ఎదురుగా ఉన్న గన్ సంగతి చూద్దాం. జర్మన్ల ఎంజీ 08 మెషీన్ గన్ నిమిషానికి దాదాపు 500 తూటాలు పేలుస్తుంది. గుడ్డ బెల్టులో 250 తూటాలు, అంటే ఆపకుండా కాలిస్తే అర నిమిషంలో బెల్టు ఖాళీ. అందుకే దాన్ని నడిపేది ఒక్కడు కాదు, ఒక జట్టు. ఒకడు పేలుస్తాడు, ఒకడు బెల్టు మెలిక పడకుండా చేత్తో అందిస్తాడు, మిగతావాళ్లు పెట్టెలు, నీళ్లు మోస్తారు. బారెల్ చల్లగా ఉండేందుకు దాని చుట్టూ సుమారు 4 లీటర్ల నీళ్లు ఉంటాయి. వరసగా కాలిస్తే అవి మరుగుతాయి, ఆవిరి గొట్టం గుండా డబ్బాలోకి దిగుతుంది. బెల్టు తడిస్తే గన్ జామ్ అయ్యే ప్రమాదం.

సినిమా అసలు తప్పింది గన్ పెట్టిన చోటు దగ్గర. సినిమాలో కాల్పులు ఎదురుగా వస్తాయి కాబట్టి డాలు సరిపోయింది. అసలు యుద్ధంలో గన్‌ను వీలైనంతవరకు పక్కకు జరిపి, ముళ్లకంచె వెంబడి అడ్డంగా కాల్చేలా పెట్టేవారు. అటొకటి, ఇటొకటి ఉంటే తూటాల దారులు కత్తెరలా కలుస్తాయి. ఎదుట డాలు పట్టుకున్నా రెండు పక్కలూ ఖాళీయే.

ఇక ముళ్లకంచె. సినిమా దీన్ని దాదాపు పట్టించుకోలేదు గానీ, సైనికులను ఎక్కువగా ఆపింది ఇదే. 1916లో ఫ్రాన్స్‌లోని సొమ్ వద్ద బ్రిటిష్ ఫిరంగులు వారం రోజులు సుమారు 15 లక్షల షెల్స్ కురిపించాయి. అయినా చాలాచోట్ల కంచె తెగలేదు. గుళ్లు చిమ్మే ష్రాప్‌నెల్ షెల్ గాల్లో సరిగ్గా లెక్క ప్రకారం పేలాలి, కాస్త అటూఇటూ అయితే వృథా. మామూలు పేలుడు షెల్ నేలలోకి దిగి పేలితే తీగ పైకెగిరి మళ్లీ చిక్కుగానే పడుతుంది. జర్మన్ గన్నర్లేమో లోతైన గుహల్లో క్షేమంగా ఉన్నారు. జులై 1న ఒక్కరోజే బ్రిటిష్ సైన్యంలో 57,470 మంది నష్టం, అందులో 19,240 మంది మృతులు. ఆ తర్వాతే 106 నంబరు ఫ్యూజ్ (షెల్‌ను పేల్చే పరికరం) వచ్చింది. నేలను తాకీ తాకగానే పేలుతుంది, అప్పుడు కంచె తెగుతుంది.

చేత్తో తెంపే పద్ధతీ ఉంది. బెంగళూరు టార్పిడో పేరు వినే ఉంటారు. 1912లో బెంగళూరులో, మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ అనే సైనిక ఇంజినీర్ల దళంలోని కెప్టెన్ మెక్లింటాక్ రూపొందించాడు. మన తెలుగువాళ్లు కూడా చేరే దళం అది. మందుగుండు దట్టించిన గొట్టం ముక్కలను ఒకదానికొకటి తగిలించి, నేల మీద పడుకునే కంచె కిందికి తోసి, పేల్చేసి దారి చేస్తారు. ఆ గొట్టాలను చీకట్లో కంచె దాకా మోసుకెళ్లడమే అసలు సాహసం.

అసలు యుద్ధంలో డయానా డాలు పాత్ర పోషించింది మాత్రం ఫిరంగి దళం. 1917 ఏప్రిల్ 9న ఫ్రాన్స్‌లోని విమీ రిడ్జ్ అనే గుట్ట మీద కెనడా సైన్యం, తమ ఫిరంగులు ముందు వరసగా కురిపించే షెల్స్ తెర వెనకే నడిచింది. తెర మూడు నిమిషాలకు 100 గజాల చొప్పున ముందుకు జరుగుతుంది, సైనికులు దానికి అంటిపెట్టుకుని వెళ్లాలి. ముందే నేల మీద టేపులు పరిచి ఆ నడకను సాధన చేశారు. బురదలో కాళ్లు కూరుకుపోయి వెనకబడ్డారా, తెర వాళ్లను వదిలేసి వెళ్లిపోతుంది. గుహల్లోంచి గన్నర్లు పైకొచ్చేస్తారు.

అంతమాత్రాన ఒంటరిగా నిలబడ్డవాళ్లు లేరని కాదు. 1914 అక్టోబర్ 31, అదే బెల్జియంలో హోలెబెక్. ఖుదాదాద్ ఖాన్ అనే సిపాయి, 129వ బలూచీ దళం. ఆఫీసర్ గాయపడ్డాడు, రెండో గన్‌ను షెల్ ధ్వంసం చేసింది. జట్టులో మిగతా ఐదుగురూ చనిపోయేదాకా, తనకూ గాయాలున్నా, ఆయన తన గన్‌ను వదల్లేదు. బ్రిటన్ అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ అందుకున్న తొలి భారతీయ సైనికుడు ఆయనే. ఆయన కథకు అతీంద్రియ శక్తులేమీ అక్కర్లేదు.

తేదీల్లో సినిమా గట్టిగానే తప్పింది. కథ జరిగేది 1918 నవంబర్. కందకంలోని దళం ఏడాదిగా దాదాపు కదలలేదంటాడు స్టీవ్. కానీ ఆగస్టు 8న ఫ్రాన్స్‌లోని ఏమియాన్స్ దగ్గర మిత్రదేశాల దాడి మొదలయ్యాక జర్మన్లు వెనక్కే పోతున్నారు. సినిమాలో విలన్‌గా చూపిన జర్మన్ జనరల్ లూడెండార్ఫ్ అయితే అక్టోబర్ 26నే పదవి వదిలేశాడు, చనిపోయింది 1937లో. ఇంత పేరున్న మనిషిని విలన్‌గా తెచ్చి చంపేయడం నాకు అస్సలు నచ్చలేదు. కల్పిత జనరల్‌ను పెట్టుకుంటే ఏం పోయేది?

నేను పూర్తి మార్కులిచ్చేది స్టీవ్ జట్టులోని చార్లీకి. గురి చూసి కాల్చడమే పనిగా ఉన్నవాడు రాత్రి కేకలేస్తూ లేస్తాడు, అవసరమైన క్షణంలో ట్రిగ్గర్ నొక్కలేకపోతాడు. అప్పటి సైన్యాల్లో షెల్ షాక్‌తో, అంటే యుద్ధం మనసుకు చేసిన గాయంతో, వణికేవాళ్లను పిరికివాళ్ల కింద జమకట్టిన సందర్భాలున్నాయి. పారిపోయారని, పిరికితనమని బ్రిటిష్ సైన్యం కాల్చి చంపినవారిలో 306 మందికి 2006లో గానీ క్షమాభిక్ష దక్కలేదు. సినిమా మాత్రం చార్లీని జట్టులోంచి తీసేయదు, చిన్నబుచ్చదు. తను వెనక ఉండిపోతానంటే, మరి మాకు పాటలెవరు పాడతారని డయానా అడుగుతుంది.