బాపమ్మ చెవులతోని చూసిన టీవీ కొత్త సీజన్ | రివ్యూ

నమస్తే అన్నలు, అక్కలు, తమ్ముళ్లు. హన్మకొండ నుంచి మాట్లాడుతున్న. సద్దుల బతుకమ్మ అయింది, దసరా అయింది. ఆ తొమ్మిది దినాలు మా వాడకట్టుల పొద్దుమూకితే టీవీ పెట్టినోళ్లు లేరు. ఇప్పుడు మళ్ల అందరిండ్లల్ల సప్పుడు మొదలైంది.

నా వెనక కనవడుతున్న ఈ నల్లటి పొడుగు డబ్బా సౌండ్‌బార్, టీవీకి తగిలిచ్చే స్పీకరు. చౌరస్తా కాడి షాపాయన పదిహేను రోజులు వాడి వీడియో చెయ్యుమని ఇచ్చిండు. పైసలు తీస్కోలె, శనివారం వాపస్ ఇచ్చేస్త. ఎన్ని వాట్లు, ఎన్ని స్పీకర్లు, బ్లూటూత్ ఎంత దూరం పడతది, ఇవన్నీ మీరు ఈపాటికే వేరే వీడియోలల్ల చూసే ఉంటరు. ఆ జోలికి నేను పోను. ఈ డబ్బా పెట్టుకొని కొత్త సీజన్ షోలు చూసినం, వాటి ముచ్చటే చెప్త.

చూసినం అంటున్న గని, మా ఇంట్ల టీవీ అసలు బాపమ్మది. ఆమెకు కండ్లల్ల పొరలొచ్చినయ్. ఒక కన్నుకు ఆపరేషన్ అయింది, ఇంకోటి చలికాలంల చేపియ్యాలె. తెర మీద మనుషులు ఆమెకు మసక మసకగ కదులుతరు. అందుకే టీవీ దిక్కు మొఖం కూడ పెట్టదు. మంచం మీద కూసోని, ఒళ్లె చేట పెట్టుకొని, చిక్కుడుకాయ ఈనెలు తీసుకుంట గోడ దిక్కు చూస్తది. కుడి చెవు మాత్రం టీవీ దిక్కుంటది. చేతులు ఆగినయంటే కథల ఏదో అయిందన్నట్టు.

ఏడున్నరకు సీరియల్. తలుపు తెరుసుకుంటది, ఎవరో లోపలికొస్తరు. ధన్ ధన్ ధన్ అని మూడు సార్లు మ్యూజిక్, మూడు దిక్కుల నుంచి అదే మొఖం. గా మ్యూజిక్ల కోడలు ఒక మాట అంటది. "ఏమన్నది బిడ్డా?" అని బాపమ్మ అడుగుతది. నేను చెప్పేలోపల అత్త జవాబియ్యనే ఇస్తది, ఆ మాట గూడ పోతది. మొన్న ఒకనాడు కాగితం మీద గీతలు పెట్టిన. ఒక్క ఎపిసోడ్‌ల పద్నాలుగు సార్లు అడిగింది "ఏమన్నది?" అని. ఒక్క సీరియల్ అని కాదు, నేను తిప్పిన ప్రతి ఛానల్ల ఇదే కత.

వాల్యూమ్ పెంచుమంటరు మీరు. పెంచితే మాటతోని పాటు ఆ ధన్ ధన్ గూడ పెరుగుతది, పక్కింటోళ్ల పోరగాండ్లు లేస్తరు. షాపాయన ఈ బార్ల వాయిస్ మోడ్ ఉన్నది, మాట సాఫ్‌గ ఇనవడతది అన్నడు. నిజమే, వార్తలల్ల మస్తు తేడా తెలిసింది. ఇప్పటి సన్నటి టీవీలల్ల స్పీకర్లు కిందికో వెనకకో ఉంటయ్, మాట గోడకు తాకి మనదాక వస్తది. బార్ ముంగటికి చూస్తది కాబట్టి మాట సూటిగ వస్తది. గని సీరియల్‌ల ఈ మోడ్ పని చెయ్యలె. ఎందుకంటె వాయిస్ మోడ్ మన మాట ఉండే నడిమి శ్రుతులను లేపుతది. వయొలిన్, ఫ్లూటు ఉండేది గూడ గక్కడనే. మాటా మ్యూజిక్కూ ఒక్కతాన కలిపి పంపినంక ఇంటికొచ్చిన డబ్బా వాటిని విడదీయలేదు. పాలల్ల నీళ్లు కలిపినంక ఏరుకుంటమా? తప్పు కలిపిన కాడున్నది.

నాకు కోపం ఎందుకొస్తదంటె, ఇది మనకు తెల్వని విద్య కాదు. బాపమ్మ చిన్నప్పటి సంది ఐనవోలు మల్లన్న జాతరల ఒగ్గుకథ ఇన్న మనిషి. జనగామ దిక్కు మాణిక్యాపురం ఒగ్గుకథ కళాకారుడు చుక్క సత్తయ్య పేరు చెప్తే ఇప్పటికీ ఆమె మొఖం ఎలుగుతది. ఒగ్గుకథల డోలున్నది, తాళాలున్నయ్. డోలు చప్పుడు ఊరవతలికి ఇనవడతది. అయినా కథకుడు మాట అందుకుంటే డోలు తగ్గుతది. మాట పడ్డంక డోలు లేస్తది. ఒక్క మనిషే ఎల్లమ్మ అయితడు, జమదగ్ని అయితడు, పరశురాముడు అయితడు. గొంతు మారంగనే ఎవలో ఎరుకయితది. మైకులు లేని దినాలల్ల గూడ ఆఖరికి కూసున్న ముసలామెకు మాట అందింది. ఇన్ని మిషన్లు పెట్టుకొని మా ఇంట్ల మంచం దాక ఎందుకు అందది?

గొంతు అంటే యాదికొచ్చింది. 'కార్తీక దీపం' 2017ల మొదలైనప్పటి సంది బాపమ్మకు వంటలక్క ఇంటి మనిషి. రెండో భాగం 2024ల వచ్చింది, అదీ ఇడిసిపెట్టలె. ఆ పాత్ర వేసిన ప్రేమి విశ్వనాథ్‌ది కేరళ, మాటలు వేరే ఆమె చెప్పింది అన్న ఒకనాడు. బాపమ్మ చేట పక్కకు పెట్టింది. "మొఖం ఎవలదైతే నాకేంది బిడ్డా, ఆ గొంతే నాకు దీప" అన్నది. మన సీరియళ్లల్ల హీరోయిన్లు శానమంది కర్ణాటక, కేరళ దిక్కోళ్లే. మంచిగ చేస్తరు, తప్పేం లేదు. గని రోజూ మన ఇంట్ల మాట్లాడే ఆ గొంతుల పేర్లు మనలో ఎంతమందికి ఎరుక? నేను గూడ బాపమ్మ అన్నంకనే ఆలోచించిన.

ఇగ బిగ్ బాస్. 2025 సెప్టెంబర్ 7న తొమ్మిదో సీజన్ మొదలైంది, నాగార్జున గారే. 'అగ్నిపరీక్ష' పెట్టి మామూలు మనుషులను తీసుకున్నరు, మొదట్ల వాళ్లను ఇంటి ఓనర్లను చేసి సెలబ్రిటీలను కిరాయిదార్లను చేసిన్రు. నాకు నచ్చింది ఆ ఆలోచన. గని ఇంట్ల అసలు ముచ్చట్లన్నీ గుసగుసలల్ల నడుస్తయ్, మాటలు తెర కింద అక్షరాలల్ల వస్తయ్. బాపమ్మకు చదువు రాదు, వచ్చినా కండ్లకు ఆనవు. నేను పక్కన కూసోని చదివి చెప్త. ఇద్దరు కొట్లాడుతుంటే మాత్రం ఆమెకు నా అవసరం ఉండది!

2020ల నాలుగో సీజన్ల జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ పోయినప్పుడు మా ఇల్లు ఎట్లుండెనో చెప్పాలె. ఒక్క మాట నేను చదివి చెప్పలె. గంగవ్వ ఇంట్ల మాట్లాడినట్టే టీవీల మాట్లాడింది, బాపమ్మ ఇక్కడ మంచం మీద నుంచి జవాబు చెప్పింది. "అవ్, గట్లనే అను" అని. పానం బాగలేక గంగవ్వ మధ్యలనే ఎల్లిపోతే ఆ రాత్రి అన్నం సగమే తిన్నది. సీరియళ్లల్ల మన యాస పనిమనిషికో, నవ్వులకో ఇస్తరు. తెలివైన కోడలు, పెద్ద డాక్టరు మన యాసల మాట్లాడితే ఎట్లుంటదో చూడాలని నాకు శాన కోరిక. వచ్చే సీజన్లనన్న ఎవరన్న ఇయ్యుండ్రి.

ఈ పదిహేను రోజులల్ల బార్ డబ్బుకు న్యాయం చేసింది ఒక్క పాటల షోలల్లనే. ఈటీవీల 'పాడుతా తీయగా' బాలు గారు 1996ల మొదలువెట్టిండ్రు, ఆయన పోయినంక కొడుకు చరణ్ నడుపుతున్నడు. బాలు గారు పిల్లలు పాడినంక ల, ళ తేడా గూడ ఆపి దిద్దుతుండె. పాట రాసినాయన పేరు ముందు చెప్పి గని ముంగటికి పోకపోతుండె. ఆ అలవాటు వల్ల ఇప్పటికీ అక్కడ మాటే ముంగటుంటది. పిల్ల పల్లవి అందుకోంగనే బాపమ్మ చేతులు ఆగినయ్. ఒక్క "ఏమన్నది" లేదు.

నా తీర్పు ఇది. ఈ సీజన్ సీరియళ్లు కండ్లు మంచిగున్నోళ్లకు పర్వాలేదు, మా బాపమ్మ అసొంటోళ్లకు వద్దు. బిగ్ బాస్ పక్కన చదివి చెప్పేటోళ్లుంటే చూడుండ్రి. పాటల షోలు పెద్దోళ్లను కూసోవెట్టుకొని తప్పక చూడుండ్రి. బార్ పాటలకు, వార్తలకు తీస్కోవచ్చు, సీరియల్ కోసమైతే పైసలు పెట్టకుండ్రి. షాపాయనకు గూడ ఇదే చెప్పిన.

శనివారం వాపస్ ఇయ్యాలె అంటే బాపమ్మ నిన్న అడిగింది, "ఇంకొక్క పాటల దినం దాక ఉంచుకోనియ్యడా బిడ్డా?" అని. వీడియో అయిపోంగనే ఆయనకు ఫోన్ చేస్తున్న.