పాత టాటామొబైల్‌కు ఏ స్టీరింగ్ కూర్చుంటది? మూడు దార్లు, నా రివ్యూ

నమస్తే అన్నలు, అక్కలు, తమ్ముళ్లు. హనుమకొండ నుంచి మాట్లాడుతున్న. ఎన్కకు కనవడ్తున్న బండి టాటామొబైల్ 206. 1988ల వచ్చిన పికప్. అప్పటికి టాటా మోటార్స్ అనే పేరే లేదు, టెల్కో అనేటోళ్లు. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు ఏసుకొని పోయిన కాలం బండి ఇది. ఇప్పుడు రోడ్డు మీద కనవడ్తె జనం ఆపి ఫొటోలు దిగుతున్నరు.

ఇంజన్ మంచిగున్నది, బాడీ మంచిగున్నది. స్టీరింగే ఖరాబైంది. దాని జాగల ఏది పెట్టాలె అన్నదే ఇయ్యాల్టి ముచ్చట.

ముందుగాల ఒక మాట. పైన ప్లాస్టిక్ ఒక్కటే పగిలితే కొత్తది కొనుడు దండుగ. లోపట ఇనుప చట్రం ఉంటది, బలమంతా దాందే. పగుళ్లల్ల ఎంసీల్ నింపి, సాండ్ పేపర్ కొట్టి, మీదికెల్లి రెక్సిన్ కుట్టిస్తే ఇంకో పదేండ్లు నడుస్తది. నా దాంట్ల మాత్రం స్పోక్ మొదట్ల వెల్డింగే ఇడిసిపెట్టింది, పట్టుకొని ఊపితే చూడుండ్రి, ఎట్ల ఆడుతున్నదో. "మళ్ల వెల్డింగ్ కొట్టియ్యి" అని సలహా ఇచ్చినోళ్లు మస్తుమంది. డోరుకు కొట్టిస్త, ట్రాలీకి కొట్టిస్త, స్టీరింగ్‌కు కొట్టియ్య.

ఇగ వెతుకుడు. అందరూ బయటి గుండ్రాన్ని చూసి కొంటరు. అసలు చూడాల్సింది నడిమిట్ల ఉన్న బొక్కను. ఆ బొక్క లోపట సన్నటి పళ్లుంటయి, స్ప్లైన్లు. షాఫ్ట్, అంటే స్టీరింగ్ కూర్చునే ఇనుప కడ్డీ, దాని మీద పళ్లు ఎన్నున్నయో గిండ్ల గన్నే ఉండాలె, మందం గదే ఉండాలె, షాఫ్ట్ కొస సన్నగయ్యే వాలు కూడ కలవాలె. షాఫ్ట్ మందం వెర్నియర్ అనే కొలత పనిముట్టుతోని కొలుచుకోండ్రి. పళ్లు లెక్కవెట్టేటప్పుడు ఒక పంటికి గోళ్లరంగు పెట్టి మొదలువెట్టుండ్రి, లేకుంటే యాడ మొదలైందో మర్చిపోతరు. బొక్క లోపటి పళ్లు కంటికి ఆనయి. అందుకే గోధుమపిండి ముద్ద ఒత్తి, మెల్లగ తీసి, అచ్చు మీద లెక్కపెట్టాలె.

మొదటి దారి స్క్రాప్. టాటామొబైల్ పునాది మీదనే 1991ల సియెర్రా, 1992ల ఎస్టేట్, 1994ల సుమో వచ్చినయి. అంటే చుట్టరికం ఉన్నది కాబట్టి వెతుకుడు ఈ బండ్లకెల్లే మొదలువెట్టాలె. కానీ చుట్టరికం ఉన్నదని కండ్లు మూసుకొని కొనొద్దు. సుమో ఏండ్ల తరబడి అమ్ముడువోయింది, నడుమల పార్టులు మారినయి, పవర్ స్టీరింగ్ వచ్చింది. టేబుల్ మీద ఈ రెండు స్టీరింగులు చూడుండ్రి. రెండూ సుమోవే అన్నడు దుకాణపాయన. పైకి చూస్తే కవల పిల్లలే. ఒకటి షాఫ్ట్ మీద చేతితోని నొక్కంగనే సాఫుగ దిగింది. రెండోది సగం దిగి ఆగింది. "నట్టు బిగించు, అదే దిగుతది" అంటరు కొందరు. అస్సలు చెయ్యకుండ్రి. నట్టు బలానికి దిగుతది, నిజమే, కానీ పళ్లు నలిగిపోతయి. మూలమలుపు కాడ ఒకరోజు స్టీరింగ్ తిరుగుతది, టైరు తిరగది.

రేట్లు నేను చెప్తలేను. స్క్రాప్‌ల రేటు మన మొఖం చూసి చెప్తరు. మన ఆటోనగర్‌ల దొరకకుంటే సికింద్రాబాద్ రాణీగంజ్ చూడుండ్రి, కానీ పోయేటప్పుడు పాత స్టీరింగ్ సంకల పెట్టుకొని పోవాలె. ఫోన్ల ఫొటో చూపిస్తే పని కాదు.

రెండో దారి, ఆన్‌లైన్ల దొరికే స్పోర్ట్స్ స్టీరింగ్. పోరగాళ్లకు ఇదంటే పిచ్చి. ఇది సక్కగ షాఫ్ట్ మీద కూర్చోదు, నడుమ బాస్ కిట్ అనే ముక్క కావాలె. బాస్ కిట్ కింది దిక్కు మన షాఫ్ట్ పళ్లకు కలవాలె, పై దిక్కు స్టీరింగ్ బోల్టులకు కలవాలె. మోమో కంపెనీ కొలతలవి అయితే 6 బోల్టులు 70 మిల్లీమీటర్ల వలయంల ఉంటయి, నార్డి కంపెనీవి 74. నాలుగు మిల్లీమీటర్లే కదా అని బోల్టు బొక్కను రాపి పెద్దగ చేసేటోళ్లున్నరు. వాళ్ల బండి ఎక్కకుండ్రి.

నాకు ఇది నచ్చలే. ఈ బండికి పవర్ స్టీరింగ్ లేదు. పాతది 400 మిల్లీమీటర్లది అనుకోండ్రి, 350ది ఏస్తే చేతుల బలం ఏడోవంతు ఎక్కువ పెట్టాలె. నిలవడ్డ బండిని లోడుతోని మళ్లిస్తే అప్పుడు తెలుస్తది కథ. పైగా బాస్ కిట్ ఎత్తుకు స్టీరింగ్ ఛాతీ మీదికొస్తది, ఇండికేటర్ పుల్ల వేళ్లకు అందదు.

మూడో దారి, అచ్చం అసలుదే, డబ్బా ఇప్పని పాత స్టాకు. దొరికితే కండ్లకద్దుకొని తీస్కోండ్రి. దొరుకుడే కష్టం.

నేనైతే ఆ సాఫుగ దిగిన స్క్రాప్ స్టీరింగే పెట్టిన. ఇప్పేటప్పుడు బ్యాటరీ మైనస్ వైరు తీసేసి, ముందటి టైర్లు సీదా పెట్టి, షాఫ్ట్ మీద, స్టీరింగ్ మీద గుర్తు కొట్టుకోండ్రి. నట్టు పూర్తిగ తియ్యొద్దు, కొసకు రెండు చుట్లు ఉంచి, స్టీరింగ్‌ను గుంజి తీసే పనిముట్టు పుల్లర్ ఏయాలె. లేకుంటే ఒక్కసారే ఊడొచ్చి మూతి పండ్లు రాలగొడ్తది. సుత్తెతోని షాఫ్ట్‌ను కొట్టుడు అసలే వద్దు.

పెట్టినంక హారన్ చూడాలె. స్టీరింగ్ ఎన్కల ఇత్తడి రింగు ఉంటది, కాలమ్ మీది పిన్ను దానికి తాకితేనే హారన్ మోగుతది. స్టీరింగ్ నిండ తిప్పుకుంట హారన్ కొట్టి చూడుండ్రి, నడుమల యాడన్న ఆగితే రింగు సక్కగ తాకుతలేదన్నట్టు. ఇండికేటర్ దానంతటదే మళ్లీ వస్తుందా, అది కూడ చూసుకోవాలె.

ఇంకోటి, బండి పసుపు ప్లేటుదైతే 8 ఏండ్లు దాటినంక ఏటా ఫిట్‌నెస్ ఉంటది. స్టీరింగ్ ఆట, అంటే టైర్లు కదలకుండ స్టీరింగ్ ఒక్కటే ఊగేది, 30 డిగ్రీలు దాటొద్దని రూలు. కొత్త స్టీరింగ్ పెట్టినా ఆట తగ్గకుంటే తప్పు స్టీరింగ్‌ది కాదు, కింద బాల్ జాయింట్లు, స్టీరింగ్ బాక్స్ చూపియ్యుండ్రి.

కామెంట్ల "నా బండికి ఏది పడ్తది అన్నా" అని అడిగేటోళ్లు స్టీరింగ్ ఫొటో పెట్టకుండ్రి. నట్టు ఇప్పి, షాఫ్ట్ ఫొటో పెట్టుండ్రి, పక్కకు స్కేలు పెట్టి.