మాడిన పిండి, మిగిలిపోయిన ‘ఎస్’

అందరికీ నమస్కారం. పేటెంట్‌లో పడే చిన్న రాత తప్పుల గురించి నాలుగు మాటలు.

పెనం ఎంత కాలినా అట్టు అంత వేడెక్కదు. ఎక్కితే అది అట్టు కాదు, బొగ్గు. ఇది మన ఇళ్ళలో ఎవరికీ చెప్పనక్కరలేదు. అమెరికాలో చెఫ్ అమెరికా కంపెనీ పేటెంట్‌లో మాత్రం పిండిని 400 నుంచి 850 ఫారెన్‌హీట్ డిగ్రీల ‘వద్ద’ కాల్చాలని రాయవలసిన చోట డిగ్రీల ‘వరకు’ అని పడింది. ఇంగ్లిష్‌లో ‘ఎట్’ ఉండవలసిన చోట ‘టు’. పొయ్యి వేడి కాస్తా పిండి వేడి అయి కూర్చుంది. అలా చేస్తే పిండి మాడిపోతుందని 2004లో పేటెంట్ అప్పీళ్ళు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు కూడా ఒప్పుకుంది. అయినా రాసిందే లెక్క, క్లెయిమును, అంటే హక్కు ఎంతవరకో చెప్పే వాక్యాన్ని, తిరగరాయడం మా పని కాదంది.

కఠినమే. కానీ దిద్దించుకునే దారులు పేటెంట్ ఆఫీసులోనే ఉన్నాయి. ఆఫీసు చేసిన తప్పైతే అమెరికా పేటెంట్ చట్టం సెక్షన్ 254 కింద రుసుము లేకుండా సవరణ ధ్రువపత్రం ఇస్తారు. మనదైతే సెక్షన్ 255. తప్పు సద్భావంతో జరిగి ఉండాలి, రాతలోనో అచ్చులోనో జారినదో, చిన్నపాటిదో కావాలి.

చిన్నపాటిది అంటే ఎంత? సుపీరియర్ ఫైర్‌ప్లేస్ కంపెనీ ‘వెనక గోడలు’ అన్న ఇంగ్లిష్ మాట చివరి ‘ఎస్’ తీయించి ‘వెనక గోడ’ చేయించుకుంది. ఒక్క అక్షరమే, కానీ దానితో హక్కు పెరిగింది. పైగా అది తప్పేనని పేటెంట్ దస్త్రం చదివినవారికి స్పష్టంగా తెలియదు. 2001లో కోర్టు ఆ ధ్రువపత్రం చెల్లదంది.

అలాంటి తప్పుకు రీఇష్యూ, అంటే పేటెంట్‌ను సరిదిద్ది మళ్ళీ జారీ చేయించుకోవడం, కావాలి. నేనైతే చివరిదాకా దాని జోలికి వెళ్ళను. పాత పేటెంట్‌ను అప్పగించాలి, ఎగ్జామినర్ క్లెయిములన్నీ మళ్ళీ తిరగేస్తాడు, హక్కు పెంచుకోవాలంటే మంజూరైన 2 ఏళ్ళలోపే అడగాలి. ఈలోగా సరుకు తయారుచేసుకున్నవారికీ కొంత రక్షణ దొరుకుతుంది.

ధ్రువపత్రం వచ్చినా అది వెనక్కి పనిచేయదు. దాని తేదీ తర్వాత జరిగిన ఉల్లంఘనలకే వర్తిస్తుంది. దావా వేశాక తప్పు కనబడితే చేతులు పిసుక్కోవడమే.

అందుకే మంజూరు పత్రం రాగానే మేము ఇద్దరం కూర్చుంటాం. ఒకరు ఆమోదం పొందిన క్లెయిములు పైకి చదువుతారు, ఇంకొకరు అచ్చైన ప్రతిపై వేలు పెట్టి చూస్తారు. విసుగు పుట్టించే పని. ఓసారి అలా చదువుతుంటే ‘0.5 శాతం’ దగ్గర వేలు ఆగింది. అచ్చులో చుక్క లేదు, 05 అని ఉంది. మా కాగితంలో చుక్క ఉంది. ఆ వారమే 254 కింద అర్జీ పెట్టాం.