మౌస్ వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి

(కొత్తవాళ్లకు గ్రాఫిక్ డిజైన్ నేర్పడానికి ముందుకొచ్చిన చెన్నై తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఆదివారం మధ్యాహ్నం, అదీ ఈ ఎండలో, భోంచేసి నడుం వాల్చకుండా ఇంతమంది వచ్చారు. సంతోషం. మీలో కొందరు ఓఎంఆర్ రోడ్డు మీది ఐటీ కంపెనీల్లో డిజైన్ పని చేస్తున్నారు. కొందరు రాయపేట, ట్రిప్లికేన్ ప్రెస్సుల్లో కోరల్‌డ్రా ముందు కూర్చుని తల నెరిసినవాళ్లు. సాఫ్ట్‌వేర్ గురించి మీకు నేను చెప్పాల్సిందేమీ లేదు. వచ్చే వారం నుంచి మీ ముందు కూర్చోబోయేవాళ్ల గురించి మాత్రం కాస్త మాట్లాడుకుందాం.

వచ్చేవాళ్లు ఒక రకం కాదు. ఇంటర్ అయిపోయి ఖాళీగా ఉన్న పిల్లలు ఉంటారు. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే ఆవిడ సీసా మీద లేబుల్ తనే వేసుకోవాలని వస్తుంది. తెలుగు సంఘం కరపత్రాలకి ప్రతిసారీ ప్రెస్సు చుట్టూ తిరగలేక, ఆ పనేదో నేర్చుకుంటే పోతుందని వచ్చే రిటైరైన మాస్టారు ఉంటారు. వీళ్లందరికీ కామన్‌గా ఉండేది ఒక్కటే, భయం. ఏదో నొక్కితే ఏదో పాడైపోతుందన్న భయం.

అందుకని నా మొదటి మాట ఇది. వాళ్ల మౌస్ ముట్టుకోకండి.

ఎవరో ఒకరు "అక్కా, ఇది రావట్లేదు" అంటారు. మనం వెనక నుంచి వంగి, మౌస్ లాక్కుని, టకటకా నాలుగు క్లిక్కులు కొట్టి "ఇదిగో, అయిపోయింది" అంటాం. సాయం చేశామన్న తృప్తి మనది. ఆ అమ్మాయికి తెలిసిందల్లా ఇది అక్కకి వచ్చు, తనకి రాదు అని. రేపు అదే చిక్కు వస్తే మళ్లీ అక్కనే పిలుస్తుంది. స్కూటర్ నేర్పేవాడు వెనక కూర్చుని హ్యాండిల్ తనే పట్టుకుంటే, ముందున్నవాళ్లకి బ్యాలెన్స్ ఎప్పుడొస్తుంది?

చేతులు కట్టుకుని నోటితో చెప్పండి. "కుడివైపు కింద చూడమ్మా. బ్యాక్‌గ్రౌండ్ అని ఉంది కదా, దాని పక్కన చిన్న తాళం. దాని మీద నొక్కు." ఇలా చెప్పబోతే మన బండారం కూడా బయటపడుతుంది. చాలా పనులు మన చేతికి తెలుసు, నోటికి రావు. ఆ మెనూ పేరేమిటి, ఎక్కడుంది అని మనమే తడుముకుంటాం. పర్వాలేదు, తడుముకోండి. వాళ్లు చూస్తుండగా వెతకండి. వెతుక్కోవడం కూడా ఈ పనిలో భాగమేనని వాళ్లకి తెలుస్తుంది. ఇంకోటి, "ఏముందమ్మా, సింపుల్" అనకండి. సింపుల్ అన్న పని తనకి రాకపోతే ఆ మనిషి ఇంకా ముడుచుకుపోతుంది.

ఇక అసలు విషయం. కొత్తవాళ్లకి ముందుగా నేర్పాల్సింది టూల్స్ అని నేను అనుకోను. చిక్కుకున్నప్పుడు బయటపడటం నేర్పాలి. మొదటి రోజుల్లో వచ్చే చిక్కులన్నీ పిట్టంత కారణాల వల్లే వస్తాయి. కానీ ఆ కారణం తెరమీద కనపడదు, అదీ ఇబ్బంది.

ఫోటోషాప్‌లో టైప్ చేయని సమయంలో ట్యాబ్ కీ తగిలిందనుకోండి, పక్కనున్న ప్యానెళ్లన్నీ మాయమైపోతాయి. "అక్కా, అన్నీ పోయాయి" అని కేక వినపడుతుంది. మళ్లీ ట్యాబ్ నొక్కితే అన్నీ వస్తాయి. క్యాప్స్ లాక్ పడితే బ్రష్ గుండ్రం పోయి ప్లస్ గుర్తులా మారుతుంది, బ్రష్ పాడైందనుకుంటారు. వీటన్నిటికంటే గడుసుది మిగిలిపోయిన సెలెక్షన్, అంటే చుట్టూ చుక్కల గీత గీసి ఎంచుకున్న భాగం. ఎక్కడో మూలన మినపగింజంత సెలెక్షన్ అలాగే ఉండిపోతుంది. దాని బయట ఎంత రుద్దినా రంగు పడదు. ఆ చుక్కల గీత చూపుకి ఆనదు, ఒక్కోసారి కంట్రోల్ హెచ్ తగిలి అసలు దాక్కునే ఉంటుంది. పాపం ఆ పిల్లాడు బ్రష్ మారుస్తాడు, రంగు మారుస్తాడు, చివరికి కంప్యూటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తాడు. కంట్రోల్ డి కొడితే పోయేదానికి గంట పడుతుంది.

అందుకే నేను క్లాసులో గోడ మీద మూడు ప్రశ్నలు రాసి పెట్టిస్తాను. చేతిలో ఏ టూల్ ఉంది? ఏ లేయర్ (బొమ్మలో ఒకదానిపై ఒకటి పేర్చిన పొర) మీద ఉన్నావు? సెలెక్షన్ ఏమైనా మిగిలి ఉందా? పిలిచినప్పుడు మీరు జవాబు చెప్పకుండా ఈ మూడూ అడగండి. మూడోది అడిగేలోపు చాలామంది "ఆఁ, తెలిసింది, తెలిసింది" అంటారు. కొన్ని వారాలు పోతే మిమ్మల్ని పిలవకుండా గోడ వైపు చూస్తారు.

లేయర్ల మీద మాత్రం పూర్తి క్లాసు పెట్టండి, తొందరపడకండి. ఫోటోషాప్ 1990లో వచ్చింది, లేయర్లు 1994లో మూడో వెర్షన్‌తో వచ్చాయి. అంటే ఆ రోజుల్లో వృత్తిలో ఉన్నవాళ్లు కూడా నాలుగేళ్లు అవి లేకుండానే పని చేశారు. అవి వచ్చాక కూడా అలవాటు పడాల్సి వచ్చింది. మన పచ్చళ్ల ఆవిడకి ఒక పూటలో బుర్రకెక్కాలంటే ఎలా?

మన పాత అలవాట్లు కూడా వాళ్ల కొంప ముంచుతాయి. ఫోటోను పొడవు వెడల్పుల నిష్పత్తి చెడకుండా చిన్నది చేయాలంటే షిఫ్ట్ పట్టుకుని లాగాలని మనం ఏళ్ల తరబడి చెప్పాం. 2018 అక్టోబర్‌లో వచ్చిన ఫోటోషాప్‌లో దాన్ని తిరగేశారు. ఇప్పుడు ఊరికే లాగితే నిష్పత్తి నిలబడుతుంది, షిఫ్ట్ పట్టుకుంటే బొమ్మ సాగిపోతుంది. లోగోలు, బొమ్మలు గీసే ఇలస్ట్రేటర్‌లో మాత్రం ఇప్పటికీ షిఫ్ట్ కావాలి. కంట్రోల్ జెడ్ కూడా అంతే. ఇదివరకు ఒక్క అడుగే వెనక్కి, రెండోసారి కొడితే మళ్లీ ముందుకి. అదే 2018 నుంచి ఎన్నిసార్లు కొడితే అన్ని అడుగులు. ఒకే బెంచీ మీద పాత వెర్షన్ ఒకరి దగ్గర, కొత్తది ఇంకొకరి దగ్గర ఉంటే మీరు చెప్పిన ఒకే మాట ఒకరికి పని చేస్తుంది, ఒకరికి చెయ్యదు. ఏ లాప్‌టాప్‌లో ఏ వెర్షన్ ఉందో మొదటి రోజే రాసి పెట్టుకోండి.

కోచింగ్ సెంటర్ల పద్ధతి మీకు తెలిసిందే. ఎడమ పక్క టూల్‌బార్‌లో పైనుంచి కిందికి రోజుకో టూల్. మూవ్ టూల్, మార్క్యూ, లాసో, మ్యాజిక్ వాండ్... పెన్ టూల్ దగ్గరికి వచ్చేసరికి సగం బెంచీలు ఖాళీ. మనం అలా వద్దు. వాళ్లకి అవసరమైన పని ఒకటి పట్టుకుందాం. ఆ పనికి ఏ టూల్ కావాలో అదే, అప్పుడే.

నా ఓటు పెళ్లి పత్రికకి. మన ఇళ్లల్లో ఎప్పుడూ ఎవరిదో ఒకరి పెళ్లి ఉంటుంది. పైగా ఈ ఊరి తెలుగువాళ్లకి ఉన్న ప్రత్యేకమైన చిక్కు అందులోనే బయటపడుతుంది. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, చదవడం రాదు. బడిలో నేర్చింది అరవం, ఇంగ్లీషు. అలాంటి పిల్ల "లక్ష్మి" అని టైప్ చేస్తే తెరమీద "లక్‌ష్‌మి" అని వస్తుంది. మనకి కంట్లో నలుసు పడినట్టు ఉంటుంది. ఆ పిల్లకి ఏ తేడా కనపడదు. ఎందుకంటే అరవంలో వత్తు కింద పెట్టే పద్ధతి లేదు, అక్షరాలు పక్కపక్కనే ఉండి పైన చుక్క ఉంటుంది. విడిపోయిన తెలుగు ఆ కంటికి సహజంగానే ఉంటుంది. అలాగే అచ్చుకి పంపేస్తుంది. మామగారు పత్రిక విప్పి చూసేదాకా ఎవరికీ తెలియదు.

కారణం చిన్నదే. ఫోటోషాప్‌లో ప్రిఫరెన్సెస్ తెరిచి టైప్ అన్న చోట మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అనో, కొన్ని వెర్షన్లలో వరల్డ్ రెడీ అనో ఉంటే, అది పెట్టాలి. ఇలస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్‌లోనే షో ఇండిక్ ఆప్షన్స్ టిక్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో దక్షిణాసియా కంపోజర్ (అక్షరాలను కూర్చే పద్ధతి) ఎంచుకోవాలి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో అయితే అడోబి వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్. ఈ మూడూ అడోబి కంపెనీవే. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్, గింప్‌లలో ఈ తంటా లేదు, యూనికోడ్ తెలుగుని, అంటే ఫోన్లలో, నెట్‌లో మనం వాడే తెలుగుని, వాటంతట అవే సరిగ్గా కూర్చుకుంటాయి. డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్‌కి సెట్టింగ్ కావాలి, ఊరికే వచ్చేదానికి అక్కర్లేదు. నవ్వొస్తుంది కానీ నిజం.

తర్వాత వరుసల మధ్య దూరం. అడోబి సాఫ్ట్‌వేర్లలో ఈ దూరం (ఆటో లీడింగ్) దానంతట అదే అక్షరం సైజుకి 120 శాతం ఉంటుంది. ఇంగ్లీషుకి సరిపోతుంది. మనకి పైన గుడి దీర్ఘం, కింద వత్తు ఉంటాయి. పత్రిక నెత్తిన "శుభమస్తు" అని రాసి, కింద వరుసలో "శ్రీ లక్ష్మీ వేంకటేశ్వర స్వామి" అంటే పై తకార వత్తు వచ్చి కింది గుడి దీర్ఘం నెత్తిన కూర్చుంటుంది. 150 దాకా పెంచి చూపించండి. పెంచక ముందుదీ తర్వాతదీ రెండూ ప్రింటు తీసి పక్కపక్కన పెడితే ఇక మీరు చెప్పేదేమీ ఉండదు.

ఫాంట్ల సంగతి. ప్రెస్సువాళ్లకి యూనికోడ్ కాని పాత అను ఫాంట్లు ప్రాణం, నాకు తెలుసు. ఆ అందం వేరు. కానీ వాటిలో కొట్టిన మేటర్ వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. కొత్తవాళ్లని యూనికోడ్‌తోనే మొదలుపెట్టనివ్వండి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సూరన్న, పెద్దన, గిడుగు, తెనాలి రామకృష్ణ, అనేక్ తెలుగు అన్నీ ఉచితం. అసలు ఇది తెలుగు అచ్చుకి పుట్టినిల్లు లాంటి ఊరు. వావిళ్ళ వారి పుస్తకాలు ఇక్కడివే. ఆంధ్రపత్రిక 1914లో బొంబాయి నుంచి ఇక్కడికే వచ్చింది. చందమామ 1947 జులైలో ఇక్కడే మొదలైంది. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వత్తులు పేర్చిన కంపోజిటర్లు తిరిగిన వీధుల్లో, కంప్యూటర్ పెట్టుకుని "లక్‌ష్‌మి" అని వేస్తే బాగుండదు కదా.

అచ్చు గురించి క్లాసులో ఉపన్యాసం ఇవ్వకండి. అందరినీ తీసుకుని ఒక పూట రాయపేటలో ఏదైనా ఆఫ్‌సెట్ ప్రెస్సుకి వెళ్లండి. కటింగ్ మెషీన్ బ్లేడు దిగడం ఒక్కసారి చూస్తే, కోతకి పోయేలా రంగుని చుట్టూ 3 మిల్లీమీటర్లు బయటికి పెంచే బ్లీడ్ ఎందుకు వదలమంటారో జన్మలో మరిచిపోరు. తెరమీద మెరిసిన నీలం కాగితం మీద ఎందుకు వాడిపోయిందో అక్కడే తెలుస్తుంది. చిన్న అక్షరాలకి నాలుగు రంగులూ కలిపిన నలుపు వాడితే రంగు జరిగి అంచులు మసకబారతాయి, ఒక్క కె (నలుపు ఇంకు) మాత్రమే 100 పెట్టాలి. ప్లేటు మీద అది చూపించమంటే మెషీన్ అన్న చూపిస్తాడు. "ఫైల్ కర్వ్స్ చేసి ఇవ్వండి" (అక్షరాలను బొమ్మ గీతలుగా మార్చి ఇవ్వండి) అని ప్రెస్సువాళ్లు అంటారు కదా, కర్వ్స్ చేశాక పేరులో అక్షరం తప్పున్నా దిద్దలేమని, అందుకే ముందుగా ఒక కాపీ విడిగా దాచుకోవాలని అక్కడే చెప్పండి. వచ్చే దారిలో ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ స్ట్రీట్‌లో దిగి, కార్డుల దుకాణాల్లో కాగితాలు చేత్తో తడిమి చూడనివ్వండి.

ఏ సాఫ్ట్‌వేర్ నేర్పాలని అడుగుతున్నారు. పెద్ద చర్చ అక్కర్లేదు. లోగో, లేబుల్, పత్రికలకి ఇంక్‌స్కేప్. ఫోటో పనికి గింప్, లేదంటే బ్రౌజర్‌లోనే నడిచే ఫోటోపియా. ఇంక్‌స్కేప్ ఫైలు ప్రెస్సుకి ఇచ్చేటప్పుడు సీఎంవైకే (అచ్చుకి వాడే నాలుగు ఇంకుల రంగులు) సంగతి ప్రెస్సువాళ్లతో మాట్లాడుకోవాలి, అంతే. ఉద్యోగానికి వెళ్లాలనుకునే పిల్లలకి తర్వాత అడోబి, కోరల్ నేర్పుదాం. క్రాక్ కాపీలు మాత్రం మన క్లాసులో వద్దు, వాటితోపాటు వైరస్‌లు కూడా వస్తాయి. రెడీమేడ్ నమూనాలతో పని జరిగే కాన్వా అంటే కొందరు డిజైనర్లు మూతి విరుస్తారు. నేను విరవను. పచ్చళ్ల ఆవిడకి దీపావళి ఆఫర్ పోస్టు పది నిమిషాల్లో కావాలంటే అదే సరైన మందు. కాకపోతే అందరి పోస్టులూ ఒకేలా ఉంటున్నాయేమిటని ఆవిడే ఒకరోజు అడుగుతుంది. ఆ రోజు ఇంక్‌స్కేప్ తెరవండి.

చివరగా, వాళ్లు చేసినదాన్ని చూసే పద్ధతి. మొదటి డిజైన్‌లో ఐదు ఫాంట్లు, ఏడు రంగులు, ప్రతి అక్షరానికీ నీడ ఉంటాయి. ఉండనివ్వండి. "బాగుంది" అని తప్పించుకోకండి, "ఇదేం డిజైన్" అనీ అనకండి. దాన్ని నలుపు తెలుపులో జిరాక్స్ తీసి, గోడకి అంటించి, పది అడుగుల దూరం నుంచి పక్క బెంచీవాళ్లని చదవమనండి. ముందు కన్ను దేని మీద పడింది? పెళ్లి తేదీ కనపడిందా? ముహూర్తం దొరికిందా? చదవలేక ఎవరైనా కళ్లు చికిలిస్తే చేసినవాళ్లే వెళ్లి నీడలు తీసేస్తారు. మాస్టారి వయసు వాళ్లని మాత్రం అందరి ముందు గోడ దగ్గర నిలబెట్టకండి, "ఒకసారి ఇలా చూద్దామా సార్" అని పక్కన కూర్చుని చూడండి.

వచ్చే ఆదివారం పదింటికి మొదటి క్లాసు. ఈ హాల్లో నెట్ సరిగ్గా రాదు కాబట్టి ఇంక్‌స్కేప్, ఫాంట్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ముందే అన్నిట్లో ఎక్కించాలి. అందుకు శనివారం సాయంత్రం ఇద్దరు కావాలి. మౌస్‌లు కూడా నాలుగు తక్కువ పడుతున్నాయి, ఇంట్లో మూలన పడి ఉన్నవి ఉంటే తీసుకురండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి, వెనక వరుస నుంచి మొదలుపెడదాం.